నీలమ్మ హోటలులో ఒక మితాహారి

అరవైయేళ్ల వయస్సు వచ్చేవరకు నేను మితాహారినని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకాన్ని నాలోనే దాచుకొని ఉంటే ఎవరికీ బాధ ఉండేది కాదు. పెళ్లి పంక్తులలోను, ఆఫీసులో అందరం కలిసి డబ్బాలు విప్పుకొనే బల్లదగ్గరా, చివరకు రైలు ప్రయాణాలలోను నా పక్కన చిక్కినవారికి మితాహారం గురించి ఉపన్యసించేవాణ్ణి. ఆకలి పూర్తిగా తీరకముందే చేయి కడుక్కోవాలన్నది నా సూత్రం. ఆ సూత్రాన్ని నేను జీవితంలో ఒక్కనాడూ పాటించలేదన్న సంగతి మాదాపూరులో, ఒక రేకుల కప్పు కింద, మోదుగాకు విస్తరి ముందు కూర్చున్నప్పుడు తెలిసింది. తెలియజేసినది నీలమ్మ. ఆమె నాకు బోధించినదేమీ లేదు. నేను చెప్పిన మాటను నమ్మింది, అంతే.

నీలమ్మ ఖాజాగూడలో పుట్టింది. తండ్రి అక్కడి గుట్టలలో బండలు కొట్టేవాడు. మధ్యాహ్నమయ్యేసరికి తల్లి వండిన జొన్నరవ్వ గటకా, పచ్చిపులుసూ గంపలో పెట్టుకొని ఈ పిల్ల గుట్ట ఎక్కేది. ఒకనాడు తండ్రి చాలన్న తరువాత కూడా ముద్దుకొద్దీ ఇంకొక ముద్ద వేసిందట. ఆయన తినలేకపోయాడు. ఎండకు కాగిన బండమీద ఆ ముద్ద ఎండిపోయింది. సాయంత్రం ఇంటికి పోతే, ఆ ముద్ద తన వంతుదేనని తెలిసింది. తల్లి తిట్టలేదు, కొట్టలేదు. ఖాళీ కుండను తెచ్చి చూపించింది. అడిగినవారికి లేదనకూడదు, చాలన్నవారి విస్తట్లో వేయకూడదు అన్న నియమం ఆమెకు ఆ కుండలో కనిపించినది.

తరువాత మాదాపూరుకు చెందిన వీరేశంతో పెళ్లయింది. వీరేశానికి గుట్టవారగా కొంత జొన్నచేను ఉండేది. ఆ చేనుమీదుగా రోడ్డు వచ్చింది. రోడ్డు వెంట కంప్యూటరు కంపెనీల టవరు వచ్చింది. టవరు కట్టే కూలీలకు వండిపెట్టడానికి, చేనులో మిగిలిన మూల మీద నీలమ్మ ఒక రేకుల షెడ్డు వేయించి హోటలు పెట్టింది. పలక మీద నీలిరంగుతో 'నీలమ్మ హోటల్' అని రాయించింది. రంగు ఎందుకట్లా అని అడిగితే, "నా పేరే గది గద సారూ" అన్నది. కూలీలు ఆకలితో వచ్చేవారు, కేకవేసి అడిగేవారు, తిని లేచేవారు. ఆ హోటలులో మొహమాటానికి ఎన్నడూ పని పడలేదు.

టవరు పూర్తయింది. ప్రారంభోత్సవం అయింది. కూలీలు మరొక పనికి తరలిపోయారు. మెడలో బిళ్లలు వేలాడేసుకొని కొత్త ఉద్యోగులు వచ్చారు గాని, వారిలో రేకుల కప్పు కిందికి వంగి వచ్చేవారు తక్కువ. బల్లలు ఖాళీగా ఉండసాగాయి.

నేను ఆ హోటలుకు పోవటం మొదలుపెట్టినది సరిగ్గా ఆ రోజులలోనే. నా పేరు రామబ్రహ్మం. మాది కాకినాడ వైపు. ప్రభుత్వ ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దే పనిలో జీవితమంతా గడిపి పదవీ విరమణ చేశాను. ఊరికి దూరమైనా గాలి బాగుంటుందని మాదాపూరులో ఒక ఫ్లాటు కొన్నాను. గాలి బాగానే ఉండేది. బండలు పేల్చిన దుమ్ము అందులో కలిసి వచ్చేది. మా అమ్మాయి రసజ్ఞకు ప్రయాణం చేయకూడదని డాక్టరు చెప్పటంవల్ల, పురుడు పోయడానికి నా భార్య పుణ్యవతి విశాఖపట్నం వెళ్లింది. వంటలో నా పరిజ్ఞానం పాలు కాచటంతో మొదలై, అవి పొంగిపోవటంతో ముగుస్తుంది. అందుచేత నీలమ్మ హోటలు.

మొదటిరోజున నేను తెల్లని పంచె కట్టుకొని, ఉత్తరీయం సర్దుకొని, పెళ్లివారింటికి పోయినట్లు పోయాను.

"కూసో సారూ. అన్నం తింటవా, జొన్నరొట్టెనా?" అని అడిగింది నీలమ్మ.

"ఏదైనా ఒకటేనమ్మా. నేను పెద్దగా తినేవాణ్ణి కాను" అన్నాను.

నా ముప్పుకు మూలమైన వాక్యం అదే. దిద్దుకొనే అవకాశం ఉండికూడా దిద్దుకోలేదు.

అన్నం పెట్టింది. తోటకూర పప్పు, గుత్తి వంకాయ, పచ్చిపులుసు వేసింది. పప్పులో వేసిన ఎండుమిరపకాయ పోపు వాసనకే నా మితాహార దీక్ష సగం సడలింది. తిన్నాను. తాను గంజు అని పిలిచే అన్నం గిన్నెతో ఆమె రెండోసారి వచ్చింది. నేను అలవాటు ప్రకారం విస్తరిమీద చేయి అడ్డుపెట్టి, "చాలమ్మా, చాలు" అన్నాను.

"సరె సారూ" అన్నది. పక్క బల్లకు పోయింది.

నా చేయి విస్తరిమీదనే ఉండిపోయింది.

మా వైపు ఈ చేయి అడ్డుపెట్టటమన్నది ఒక కళ. వడ్డించేవారు రాగానే పెద్దమనిషి అన్నవాడు వద్దనాలి. వడ్డించేవారు వినకూడదు. "అదేమిటండీ, ఏమీ తినందే" అనాలి. పెద్దమనిషి ఇంకా గట్టిగా వద్దంటూ, చేతివేళ్లను మాత్రం కొంచెం ఎడంగా ఉంచాలి. ఆ సందుల్లోంచి అన్నమూ, నెయ్యీ పడితే, "అయ్యో, వేసేశారే" అని నొచ్చుకుంటూ కలుపుకోవాలి. మా ఇంట్లో మా పెళ్లయిననాటినుంచీ ఈ నాటకం రెండుపూటలా నడుస్తున్నది. నేను చాలంటాను, పుణ్యవతి, "మీ మొహం, ఇదీ ఒక తినటమేనా" అంటూ మరి రెండు గరిటెలు వేస్తుంది, నేను ఆమె మాట కాదనలేక తింటాను. అంటే తిన్నదంతా ఆమె బలవంతం, వద్దన్నదంతా నా నిగ్రహం. ఈ లెక్కనే నేను మితాహారినయ్యాను.

నీలమ్మ హోటలులో నా నిగ్రహం ఒక్కటే మిగిలింది, బలవంతం లేదు. మజ్జిగ దగ్గర కూడా అదే జరిగింది. "చాలు" అన్నాను. "సరె" అన్నది. లేచాను. కడుపులో మూడోవంతు కూడా నిండలేదు.

"గింతేనా సారూ నీ తిండి? పిట్ట తిన్నట్టు తింటివి" అన్నాడు వీరేశం, చేతిమీద నీళ్లు పోస్తూ.

అక్కడైనా నిజం చెప్పి ఉండవలసింది. కాని "పిట్ట తిన్నట్టు" అన్న ప్రశంస చెవికి ఇంపుగా తగిలింది. "ఈ వయస్సులో ఇంతకన్న ఎందుకు వీరేశం? ఆకలి పూర్తిగా తీరకముందే చేయి కడుక్కోవాలి" అన్నాను. వీరేశం తల ఊపాడు. నా కడుపు ఊపలేదు.

హోటలు దాటి మలుపు తిరిగితే ఎల్లేశం అరటిపండ్ల బండి ఉండేది. భోజనమైన వెంటనే ఆ బండిదగ్గరికి పోయి పండ్లు కొనటం నాకు నిత్యకృత్యమయింది. రెండోనాడే ఎల్లేశం, "బువ్వ తిని వస్తున్నవు గద సారూ, గివన్ని ఎవరికి?" అని అడిగాడు.

"ఆవుకు" అన్నాను. నాలుక ఎట్లా తిరిగిందో నాకే తెలియదు.

"మంచిది సారూ. ఏ ఆవు?"

"అటువైపు, గుట్ట దగ్గర ఒకటి ఉంటుంది. పాపం, బక్కచిక్కి ఉంటుంది."

గుట్ట చాటుకు పోయి, ఉత్తరీయం తలపై కప్పుకొని, ఆ పండ్లన్నీ నేనే తినేవాణ్ణి. ఈ ఆవు సంగతి ఎల్లేశం నీలమ్మకు చెప్పాడు. నీలమ్మ వచ్చినవారందరికీ చెప్పింది. తాను పిట్టంత తింటూ దిక్కులేని ఆవుకు దినదినమూ పండ్లు పెట్టే పుణ్యాత్ముడని మాదాపూరులో నాకు పేరు వచ్చింది. పేరు పెరిగినకొద్దీ పంచె వదులయింది. ఎస్టీడీ బూతునుంచి పుణ్యవతికి ఫోను చేస్తే, "గొంతు అట్లా పీలగా ఉందేమండీ? భోజనం బాగుండటం లేదా?" అని అడిగేది. "దివ్యంగా ఉంది" అనేవాణ్ణి. అది అబద్ధం కాదు. ఉన్నంతవరకు దివ్యంగానే ఉండేది.

ఇంతలో హోటలు పరిస్థితి దిగజారింది. ఒకనాడు నేను మజ్జిగకు చాలు చెప్పి, చెప్పినందుకు లోలోపల ఏడుస్తున్నప్పుడు, పొయ్యి దగ్గర భార్యాభర్తలు మాట్లాడుకోవటం వినిపించింది.

"ఈ నెల సూస్త, ఇగ సూడ. మణికొండల అపార్టుమెంటు లేస్తున్నది. కావలికి మనిషి గావాల్నట. ఉండేతందుకు రూం గూడ ఇస్తరట" అన్నాడు వీరేశం.

"నువ్వు గేటుకాడ కూసుంటవు. నేనేం జెయ్యాలె? గిన్ని గంజులు ముందటేసుకొని రూంల కూసోవాల్నా?"

"అమ్ముదాం."

"నన్ను గూడ అమ్ము" అన్నది నీలమ్మ. ఆ మాట కోపంగా అనలేదు. గరిటె కడుగుతూ అన్నది. అట్లా అన్నందువల్లనే నాకు అది ముల్లులా గుచ్చుకొన్నది.

ఈ కష్టంలో ఆదుకొనే ప్రయత్నం చేసినది ప్రవీణ. టవరులో ఒక చిన్న కంపెనీలో పనిచేసే అమ్మాయి, జనగామ వైపుది. నన్ను 'అంకుల్' అని పిలిచేది, నేను ఎన్నిసార్లు ముఖం ముడుచుకున్నా మానలేదు. హోటలులో ఆమె తీరు వేరు. "నీలక్కా, ఇంకింత పచ్చిపులుసు" అని కేకవేసేది, వచ్చేది, తినేది. ఆ కేకను నేను అసూయతో వినేవాణ్ణి.

"అక్కా, మా ఆఫీసులోళ్లందరికి పగటిపూట అన్నం తెప్పియ్యాలని చూస్తున్నరు. అంతా రంగనాథ్ సార్ చేతిల ఉంది. నేను నీ పేరు చెప్పిన. ఒకసారి వచ్చి తిని చూస్తనన్నడు" అని చెప్పింది.

నీలమ్మ చేతిలోని గంజు దించింది. "అందరికా?"

"అందరికి. దినాం."

వీరేశం మణికొండ మాట ఆ వారం ఎత్తలేదు.

రంగనాథ్ వచ్చాడు. ముప్పై దాటని యువకుడు, తణుకు ప్రాంతంవాడు, వినయశాలి. నీలమ్మ తెచ్చి నా పక్కనే కూర్చోబెట్టింది. "నువ్వు జర పెద్దమనిషివి. నువ్వు పక్కకు కూసుంటె హోటలుకు గౌరవం సారూ" అని ముందుగానే నాకు చెప్పి ఉంచింది. గౌరవ సూచకంగా నేను మామూలుకన్న కూడా తక్కువ తిన్నాను.

మొదటి వడ్డన అయింది. రంగనాథ్ ఆవురావురుమని తిన్నాడు. నీలమ్మ గంజుతో మళ్లీ వచ్చింది. అతడు విస్తరిమీద చేయి అడ్డుపెట్టి, "అబ్బే, చాలండి, చాలండి" అన్నాడు.

నేను ఆ చేతివంక చూశాను. వేళ్లు ఎడంగా ఉన్నాయి.

"సరె సారూ" అన్నది నీలమ్మ. తిరిగిపోయింది.

అతడి చేయి విస్తరిమీదనే ఉండిపోయింది. ఆ ముఖంలోని ఆశ్చర్యం నాకు చిరపరిచితం. అద్దం అవసరం లేకుండా నన్ను నేను చూసుకొన్నాను. ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఆ మాట అనాలంటే, నేను ఇన్నాళ్లుగా ఆకలితో లేస్తున్నానని ఒప్పుకోవాలి. పిట్ట పోతుంది, పుణ్యాత్ముడు పోతాడు, ఆవు పోతుంది. నేను మజ్జిగ వైపు చూస్తూ కూర్చున్నాను.

మరునాడు ప్రవీణ ముఖం వేలాడేసుకొని వచ్చింది.

"ఏమన్నడు?" అని అడిగింది నీలమ్మ.

"రుచి మంచిగుందన్నడు అక్కా. గని..." ప్రవీణ నావంక ఒకసారి చూసింది. "చెయ్యి చిన్నదంట. ఒక్క మనిషికే రెండోసారి పెట్టనామె ఇంతమందికి సరిపోను ఎట్ల పంపుతది అన్నడు. ఆఫీసుకొచ్చి బిస్కట్లు తిన్నడు."

నీలమ్మ తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నది.

"నాది చిన్న చెయ్యా? గుట్టమీద పనోళ్లకు పెట్టిన. టవరు కట్టినోళ్లకు పెట్టిన. ఒక్కడన్న ఆకలితోని లేసిండా? అడుగు, గీ సారునడుగు. దినాం తింటడు. సారూ, నువ్వే జెప్పు, ఒక్కనాడన్న ఆకలితోని లేసినవా?"

నా జీవితంలో ఇంత సూటి ప్రశ్న ఎవరూ అడగలేదు. "ఛ ఛ, ఎంతమాట" అన్నాను. ఆ క్షణంలో నా కడుపు చేసిన ధ్వనిని రోడ్డున పోయే లారీ మింగేసింది.

"ఇంకొక్కసారి తోలుకొస్త అక్కా. శుక్రవారం. ఆ రోజు తేల్చేస్తనన్నడు" అని చెప్పి ప్రవీణ వెళ్లింది. వీరేశం పొయ్యిముందునుంచి లేచి, "శుక్రవారం దాంక సూస్త. ఆ పొద్దు కాకుంటె శనివారం మణికొండకు పోత" అన్నాడు.

ఆ సాయంత్రం నేను నీలమ్మకు హితోపదేశం చేయడానికి పోయాను. నా ఆకలి ప్రస్తావన రాకుండా పని చక్కబెట్టాలన్నది నా ఎత్తు.

"నీలమ్మా, మా గోదావరి ప్రాంతాలలో అతిథి నిరాకరణను అంగీకారంగానే భావించే ఒక సంప్రదాయం ఉన్నది" అని ప్రారంభించాను.

"జర తెలుగుల జెప్పు సారూ."

"మావాళ్లు వద్దంటే వేయమని అర్థమమ్మా."

ఆమె నావంక జాలిగా చూసింది. "వద్దంటె ఏస్తరా?"

"వేస్తారు."

"తినకుంటె?"

"తింటారు."

"తినకుంటె సారూ? గొంతుదాంక అయినంక ఏస్తె ఏం జేస్తడు? ఇడిసిపెడ్తడు. నేనేం జెయ్యాలె, తీస్కపోయి పారెయ్యాల్నా? నోటితోని వద్దన్న మనిషి మీద పోసుడు నా తోని కాదు. తినేతందుకు వచ్చినోడు, నాకు గావాలె అంటె ఏం పోతది? మూగోడా?"

ముద్రణాలయంలో ఎంతో మంది పండితుల వాక్యాలను దిద్దాను గాని, ఈ వాక్యంలో దిద్దవలసినది ఏదీ కనిపించలేదు. అడిగితే ఏం పోతుంది? నాకయితే పరువు పోతుంది. ఆమెకు హోటలు పోతుంది. రెంటినీ తూచి చూసుకుంటూ ఇంటికి పోయాను. దారిలో అరటిపండ్లు కొనకుండా పోలేదని కూడా చెప్పాలి.

శుక్రవారం వచ్చింది. నీలమ్మ కొత్త చీర కట్టింది. గంజుల నిండా వండింది: కందిపప్పు, బెండకాయ, గోంగూర పచ్చడి, పచ్చిపులుసు, మూకుడునిండా అప్పడాలు. రంగనాథ్, ప్రవీణ వచ్చారు. రంగనాథ్‌ను మళ్లీ నా పక్కనే కూర్చోబెట్టారు. వీరేశం బయట నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు, దూరంగానూ పోలేదు.

"బాగున్నారా మాస్టారూ? మళ్లీ మీ పక్కనేనండి" అన్నాడు రంగనాథ్.

"బాగున్నాను బాబూ" అన్నాను.

మొదటి వడ్డన అయింది. అతడి విస్తరి చూస్తుండగానే ఖాళీ అయింది. నీలమ్మ అన్నం గంజుతో వచ్చి నిలబడింది. ఆమె కళ్లు అతడి నోటిమీదనే ఉన్నాయి. ఆమె ఎంత ఆశతో ఎదురు చూసిందో నేను చూశాను. ఒక్కమాట అడిగితే గంజంతా కుమ్మరించేటట్టుంది.

అతడు చేయి అడ్డుపెట్టాడు. "చాలండి, చాలండి" అన్నాడు. వేళ్లు బారెడు ఎడం.

నీలమ్మ ముఖం వాడింది. "సరె సారూ" అన్నది. వెనుకకు తిరిగింది. బయట వీరేశం తల వంచుకొన్నాడు.

"నీలమ్మా" అన్నాను నేను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పెళ్లి పంక్తులలో ఇతరుల విస్తట్లో వేయమని కేకవేయటమే గాని, నా విస్తరికోసం ఈ గొంతు ఎన్నడూ పలకలేదు.

"ఏంది సారూ?"

"నాకు అన్నం కావాలమ్మా."

ఆమె వచ్చి గరిటెడు పెట్టి ఆగింది. నేను చేయి అడ్డుపెట్టలేదు. ఆ చేతిని ఒడిలో దాచుకొన్నాను. దానిమీద నాకు నమ్మకం లేదు.

"ఇంకా పెట్టు."

ఇంకొక గరిటె. "ఇంకా." నీలమ్మ నన్ను, గంజును మార్చి మార్చి చూసింది. పక్క బల్లవారు తినటం మాని ఇటు తిరిగారు. ప్రవీణ, "అంకుల్?" అన్నది.

"పప్పు కూడా వెయ్యమ్మా. గోంగూర కూడా. ఆ అప్పడాలు ఇటు పెట్టు" అన్నాను. తినటం మొదలుపెట్టాను. ఆ తిన్న తీరును వర్ణించడానికి నాకు ఇష్టం లేదు. మితాహారం మీద నేను ఇచ్చిన ఉపన్యాసాలన్నిటికీ అది సమాప్తి వాక్యం. రెండోమారు అడిగాను. మూడోమారు కూడా అడిగాను. పచ్చిపులుసు విస్తరి అంచు దాటి బల్లమీదికి పారింది. నేను దానికీ తలవంచలేదు.

రంగనాథ్ ఇదంతా చూస్తున్నాడు. అతడి చేయి ఇంకా ఖాళీ విస్తరిమీద ఉన్నది.

"మొన్న మీరు చాలన్నారు కదా మాస్టారూ" అన్నాడు మెల్లగా.

"అన్నాను. మీరూ ఇప్పుడే అన్నారు."

అతడు తన చేతివంక చూసుకొన్నాడు. వేళ్లను చూసి, నెమ్మదిగా దగ్గరకు చేర్చాడు. "ఇంట్లో అయితే మా అమ్మ వినిపించుకోదండి" అన్నాడు.

"మా ఇంట్లో మా ఆవిడా అంతే. ఇక్కడ వింటారు బాబూ. చాలంటే నమ్ముతారు, కావాలంటే పెడతారు. ఈమె చేయి చిన్నదని మీకెట్లా తోచిందో నాకు తెలుసు. నేను ఈ హోటలుకు రావటం మొదలుపెట్టిననాటినుంచి రోజూ ఆకలితోనే లేస్తున్నాను. తప్పు ఆమె గరిటెది కాదు. నా నోటిది."

రంగనాథ్ చేయి తీసేశాడు. గొంతు సవరించుకొని, చుట్టూ చూసి, "అమ్మా, కొంచెం అన్నం" అన్నాడు.

"కొంచెమా, నిండ్గనా? సక్కగ జెప్పు సారూ" అన్నది నీలమ్మ.

"నిండుగానేనండి."

నీలమ్మ పెట్టింది. అతడు చాలన్న దాకా పెట్టింది. ఈసారి నిజంగానే చాలన్నాడు, ఆమె ఆ మాటా నమ్మింది. బయటినుంచి వీరేశం నీళ్ల చెంబు పట్టుకొని లోపలికి వచ్చాడు.

ఆ సమయానికి ఎల్లేశం తన బండిని హోటలు ముందుకు తోసుకొచ్చి, "సారూ, ఇయ్యాల ఇంక రాలేదేంది? గుట్టకాడ ఆవు ఎదురుచూడదా?" అని కేకవేశాడు.

నీలమ్మ గంజు దించింది. నా విస్తరిని చూసింది. వదులైన నా పంచెను చూసింది. నా ముఖం చూసింది.

"ఓ సారూ" అన్నది, "గా ఆవు నువ్వేనా?"

నేను పచ్చిపులుసులోకి చూస్తూ ఉండిపోయాను. ప్రవీణ ముందు నవ్వింది. ఆ తరువాత ఎవరు ముందో, ఎవరు వెనుకో చెప్పటం కష్టం. నీలమ్మ నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకున్నది. "గిన్ని దినాలు గుట్ట చాటుకు పోయి తిన్నవా? పెద్దోనివి, చదువుకున్నోనివి. నన్ను అడిగితె ఏం పోతుండె సారూ?" అన్నది. ఇదే ప్రశ్న ఆమె మునుపు కూడా అడిగింది. ఏం పోతుందో నాకు అప్పటికి తెలిసింది: పోయిన తరువాత చూస్తే, దాని బరువు అంతగా లేదు.

తరువాతి సోమవారం నుంచే టవరుకు భోజనం వెళ్లటం మొదలయింది. అన్నం, కూరలు గిన్నెలకెత్తి ఆటోలో పెట్టుకొని వీరేశం తీసుకుపోయేవాడు. అక్కడ ఎవరికి వారు వడ్డించుకొనేవారు. మొదటినాడు గిన్నెలలో మెతుకు మిగలలేదని ప్రవీణ కబురు చేసింది. నీలమ్మ మరునాడు ఇంకా ఎక్కువ వండింది. అంతకుముందు శనివారం వీరేశం మణికొండకు పోయిన మాట నిజమే. కావలి పనికి కాదు, అక్కడ వడ్లు మరపట్టించేచోట బియ్యం మాట్లాడుకొని రావడానికి. నాకు హోటలులో కొత్త మర్యాద ఏర్పడింది. నేను గుమ్మంలోకి రాగానే, "ఆవుకు పెట్టుండ్రి" అనేవాడు వీరేశం. ఆ మాటకు నేను మొదట కోపం తెచ్చుకోబోయాను; అప్పటికే విస్తట్లో అన్నం పడటంవల్ల వాయిదా వేశాను.

మనవరాలి కబుర్లతో పుణ్యవతి తిరిగి వచ్చింది. నన్ను ఇన్నాళ్లు సాకిన మనిషికి కృతజ్ఞత చెప్పాలంటూ నీలమ్మ దగ్గరికి పోయింది. ఎంతసేపటికీ రాలేదు. కిటికీలోంచి చూస్తే, ఇద్దరూ షెడ్డు ముందు మోదుగాకులు కుడుతూ కూర్చున్నారు. పుణ్యవతి నవ్వుకు ఆమె భుజాలు ఊగుతున్నాయి.

మరునాడు మధ్యాహ్నం ఇంట్లో భోజనానికి కూర్చున్నాను. గుమ్మడికాయ పులుసు. మొదటి వడ్డన అయింది. పుణ్యవతి అన్నం గిన్నెతో వచ్చింది. నా చేయి, ఎవరి అనుమతీ లేకుండా, పాత అలవాటు ప్రకారం కంచంమీదికి పోయింది.

"చాలు, చాలు" అన్నాను.

"సరేనండి" అన్నది పుణ్యవతి. గిన్నెతో వంటింట్లోకి పోయింది.

నా చేయి కంచంమీదనే ఉండిపోయింది. పులుసు వాసన వేళ్ల సందుల్లోంచి పైకి వస్తున్నది. లోపల గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించలేదు. గడప అవతల చీర అంచు కదలకుండా నిలిచి ఉన్నది.

"పుణ్యవతీ" అన్నాను.

"ఏమండీ?"

"అన్నం కావాలి."

ఆమె గడప ఇవతలికి వచ్చింది. గిన్నె చేతిలోనే ఉన్నది. గరిటె కూడా నిండే ఉన్నది.

"కొంచెమా, నిండుగానా?" అని అడిగింది.

"నిండుగా" అన్నాను. చేయి తీసి ఒడిలో పెట్టుకొన్నాను.